సిగ్నల్ మౌంటెన్‌లో అద్దె ఇల్లు దొరికే దారేది?

టెనెస్సీలో కొండ మీదున్న సిగ్నల్ మౌంటెన్ ఊరికి జూలై నెలాఖరుకల్లా మారాలి. హామిల్టన్ కౌంటీ బడులు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, పాపని అక్కడి మిడిల్ హై స్కూల్లో చేర్పించాలి. మా ఆయన ఆఫీసేమో కొండ కింద, చట్టనూగా డౌన్‌టౌన్‌లో.

మూడు బెడ్‌రూమ్‌లు, నెలకు 2,400 డాలర్ల లోపు, ఏడాది లీజు కావాలి. అద్దె వెబ్‌సైట్లు రోజూ చూస్తున్నా. కొండ మీద కనిపించేవన్నీ అమ్మకం ఇళ్లే. ఏజెంటు చూపించినవి కొండ కింద, వాటికి స్కూల్ జోన్ (ఇంటి చిరునామాని బట్టి పడే బడి) వేరు. కొండెక్కే డబ్ల్యూ రోడ్డు వైపు ఒకటి దొరికింది గానీ, అంత ఇరుకు రోడ్డులో ఆ హెయిర్‌పిన్ మలుపులు! చలికాలం ఐసు కడితే పాపతో దిగాలంటే నాకు భయం. కొండెక్కే మరో దారి, 127 హైవేకి దగ్గరైతే మేలు.

అక్కడ ఉంటున్నవాళ్లు దయచేసి చెప్పండి: వెబ్‌సైట్లకెక్కని అద్దె ఇళ్ల కబురు కొండ మీద ఎక్కడ, ఎవరిని అడిగితే తెలుస్తుంది?