అప్‌డేట్: ఇంక్‌స్కేప్‌లో బొమ్మ చిన్నదైనా గీతల మందం తగ్గని సమస్య తీరింది

ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్)లో నరసాపురం లేసు పువ్వు డిజైన్‌ని 20 సెంటీమీటర్ల నుంచి 4 సెంటీమీటర్ల ట్యాగ్ సైజుకి తగ్గిస్తే, అల్లిక గీతలన్నీ అతుక్కుపోయి నల్లటి ముద్దలా కనిపిస్తోందని అడిగాను కదా, అది తేలిపోయింది. సాయం చేసిన అందరికీ థాంక్సండీ.

సెలెక్ట్ టూల్ పట్టుకున్నప్పుడు పైన కనిపించే నాలుగు చిన్న బటన్లలో మొదటిది నొక్కమన్నారు చూశారా, అసలు మందు అదే. అది ఆన్‌లో ఉంటే సైజుతో పాటు గీత మందం కూడా అదే నిష్పత్తిలో మారుతుంది. కంట్రోల్ కీ పట్టుకుని మూల లాగితే ఆకారం సాగిపోదు.

కాకపోతే ఇంకో చిక్కు వచ్చింది. 1 మిల్లీమీటరు గీత 0.2కి దిగింది, బాగుంది; 0.4 ఉన్న సన్న దారాలు మాత్రం 0.08కి పడిపోయాయి. అంత సన్నవి ప్రింటులో నిలవవని ప్రెస్ ఆయన ముందే చెప్పేశారు. అప్పుడు అన్నీ సెలెక్ట్ చేసి, ఫిల్ అండ్ స్ట్రోక్ (రంగు, గీతల సెట్టింగులు)లో మందం యూనిట్‌ని మిల్లీమీటర్ల నుంచి శాతానికి మార్చి 200 కొట్టాను. 0.2 గీతలు 0.4, 0.08వి 0.16 అయ్యాయి. లావు సన్నాల తేడా చెక్కుచెదరలేదు. ఈ శాతం సంగతి చెప్పినవారికి ప్రత్యేకంగా దండం.

మిగతా దారుల సంగతికొస్తే, డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) మార్చడం దీనికి సంబంధం లేని పని. స్ట్రోక్ టు పాత్ (గీతని ఆకారంగా మార్చేసే కమాండ్) పనిచేస్తుంది గానీ, ఆ తర్వాత మందం మార్చుకోవడం నరకం.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో ఇదే సమస్య ఉన్నవాళ్లు అవుట్‌లైన్ పెన్‌లో 'స్కేల్ విత్ ఆబ్జెక్ట్' టిక్ చేసుకోండి.