అప్‌డేట్: బాత్రూం లీకేజీ దొరికింది

నల్లగొండల మా పై బాత్రూం కింద హాల్ స్లాబుకు చెమ్మ వస్తుందని అడిగిన గదా, దొరికింది. ముందు నీళ్ల లైన్ వాల్వ్ ఓపెనే ఉంచి బాత్రూం వాడుడు బంద్ పెడితే మచ్చ ఎండుకుంట వచ్చింది, అంటే గోడల ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే ప్రెషర్ పైపుది కాదన్నట్టు. తర్వాత నాని ట్రాప్‌ల (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) గుడ్డ కుక్కి నీళ్లు నిలిపి ఎర్ర ఫుడ్ కలర్ కలిపినం (టైల్స్ సందుల గ్రౌట్‌కు రంగు పట్టింది, ఇంట్ల తిట్లు వేరే), తెల్లారేదాక కింద ఒక్క చుక్క గూడ రాలేదు, అంటే నేల నుంచి కాదన్నట్టు. గుడ్డ పీకినంక కాసేపటికే కింద ఎర్రచుక్క! ట్రాప్ కింద పైపు జాయింట్ ఊడింది, ఎవరో ఉత్త సిమెంట్ పూసి వదిలేసిండ్రు. టైల్స్ మొత్తం పీకాలె అన్న ప్లంబరే ఇప్పుడు ట్రాప్ చుట్టూ నాలుగు తీసిండు. కొత్త ట్రాప్ పెట్టి వాటర్‌ప్రూఫింగ్ కొట్టినం, మళ్ల నీళ్లు నిలిపి చూసినంకనే టైల్స్ వేపిస్త. కింద పెయింట్ మాత్రం స్లాబు మంచిగ ఎండినంకనే.