పాత యెజ్డీకి ఇండికేటర్లు: 6 వోల్టుల చిక్కు

మా నాన్నగారి పాత మోటార్‌సైకిలు యెజ్డీ 250కి ఇండికేటర్లు లేవు. మిర్యాలగూడ రోడ్డులో వెనకాల లారీ హారన్ మోగుతుంటే, చెయ్యి చాపి మలుపు తిరగడానికి గుండె ధైర్యం కావాలి. బండికి కరెంటు పుట్టించేది 6 వోల్టుల డైనమో, ఇచ్చేది 45 వాట్లే. ముందొకటి, వెనకొకటి 21 వాట్ల బల్బులు వెలిగితేనే 42. ఇక హెడ్‌లైటు గతేమిటి? ఎల్‌ఈడీలు వేద్దామంటే, అవి లాగే కొద్దిపాటి కరెంటుకు పాత రకం ఫ్లాషర్ (ఇండికేటర్లను ఆర్పి వెలిగించే పరికరం) వేడెక్కదు, లైట్లు మిణుకుమనవు. నల్గొండ మెకానిక్ మాత్రం మొత్తం 12 వోల్టులకు మార్చేయమంటున్నాడు. నాకు ఆ డైనమోను కదపడం ఇష్టం లేదు. 6 వోల్టులకు పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతుందా? స్విచ్చు ఏ బండిది సరిపోతుంది? చేసి చూసినవారు చెప్పండి. హ్యాండిల్‌కు రంధ్రం వేయమనే సలహా మాత్రం వద్దు.