నాలుగు గంటల స్లాటు, ఆరుగురు ఆటగాళ్లు: ఎన్ని దళాలు పెట్టాలి?

కొత్తసేనాని:
వారాంతపు కన్వెన్షన్‌లో పార్టిసిపేషన్ గేమ్ (బొమ్మ సైనికులతో బల్ల మీద, వచ్చినవాళ్లే ఆడే యుద్ధం ఆట) నడపాలి. నెపోలియన్ కాలం, 28 మి.మీ. బొమ్మలు, ఆరడుగులకు నాలుగడుగుల బల్ల. స్లాటు 4 గంటలు. ఆడేది ఆరుగురు, రూల్స్ ఎవరికీ తెలియవనే అనుకోవాలి. మనిషికి ఐదు దళాలు, దళానికి 12 బొమ్మలు అనుకుంటున్నాను. పదాతి వంతుకు 6 అంగుళాలు కదులుతుంది, ఇరుపక్షాలూ బల్ల అంచుల నుంచే మొదలు. సరిపోతుందా? ప్లాస్టిక్, లోహం కలిసిన ఈ బొమ్మల్ని బయొనెట్లు విరక్కుండా తీసుకెళ్లేదెలా?

పాచికలరాయుడు:
ఐదు ఎక్కువండీ. బల్ల సర్దడానికి 40 నిమిషాలు, రూల్స్ చెప్పడానికి 15, చివర్లో అన్నీ ఎత్తేయడానికి 25 పోతే ఆటకు మిగిలేది 160. కొత్తవాళ్ల చేతిలో ఒక దళం కదిలి, కాల్చి, మొరేల్ పాచిక (దళం నిలబడుతుందా, చెదురుతుందా తేల్చేది) వేసేసరికి నిమిషంన్నర పడుతుంది. 30 దళాలంటే వంతుకు 45 నిమిషాలు. మూడు వంతులు పూర్తయి నాలుగోది సగంలో ఆగిపోతుంది.

ఇక దూరం. అంచు నుంచి అంచుకు 48 అంగుళాలు. రెండు పక్షాలూ ముందుకొస్తే వంతుకు 12 తగ్గుతుంది కాబట్టి సైన్యాలు తాకేది నాలుగో వంతు చివర. అంటే మీ లెక్కన ఆరుగురూ పూటంతా కవాతు చేసి వెళ్లిపోతారు!

మనిషికి మూడు దళాలు చాలు. 18 దళాలకు వంతు 27 నిమిషాలు, దాదాపు ఆరు వంతులు పడతాయి. సైన్యాలను అంచుకు 12 అంగుళాలు లోపల నిలబెట్టండి, రెండో వంతుకే తాకిడి.

దళానికో కార్డు తీసి, ఎవరి కార్డు వస్తే వాళ్లే కదిలే పద్ధతి ఇద్దరాడితే బాగుంటుంది. ఆరుగురుంటే తన కార్డు వచ్చేదాకా ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటారు. ఎడమ, మధ్య, కుడి జంటలను ఒకేసారి ఆడనివ్వండి. అప్పుడు మూడు చోట్ల నుంచీ మిమ్మల్నే పిలుస్తారు కాబట్టి రెండో రిఫరీ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. మొదట కదలిక, కాల్పులు మాత్రమే చెప్పండి. చేతి పోరు ఎదురైనప్పుడు చెప్పొచ్చు.

జిగురుసీసా:
రవాణాకు అయస్కాంతాలే మేలు. బొమ్మ నిలబడే అడుగు పలక, అంటే బేస్ కింద వాటిని అతికించి, ఇనుప రేకు వేసిన పెట్టెలో నిలబెట్టాలి. 25 మి.మీ. బేస్ మీది ప్లాస్టిక్ బొమ్మకు 3 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న నియోడిమియం బిళ్ల ఒకటి చాలు. లోహం బొమ్మకు 5×2 పెట్టండి. పెట్టె అడుగున అర మిల్లీమీటరు జీఐ (జింకు పూత ఇనుప) రేకు వేయండి. అల్యూమినియానికి అయస్కాంతం అసలు పట్టదు, స్టీలు గిన్నెల రకం స్టెయిన్‌లెస్‌లో చాలావాటికీ అంతే. కొనేముందు ఒక బిళ్ల అంటించి చూడండి.

ఎక్కువమంది తప్పు చేసేది లోతు దగ్గర. బోలు బేస్ లోపల బిళ్ల అతికిస్తే అంచుకూ దానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఒక్క మిల్లీమీటరు ఖాళీ ఉన్నా పట్టు బాగా పడిపోతుంది. ఎపాక్సీ పుట్టీ (కలిపాక గట్టిపడే జిగురు ముద్ద) పెట్టి, దాని మీద బిళ్ల ఉంచి, పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచిన రేకు మీద బేస్‌ను నొక్కండి. బిళ్ల అంచుకు సమంగా కూర్చుంటుంది. ఆరేదాకా కదపకండి. నికెల్ పూత నున్నగా ఉంటుంది, ముందే ఇసుక కాగితంతో గీయకపోతే బొమ్మను ఎత్తినప్పుడు బిళ్ల రేకు మీదే ఉండిపోతుంది. పని అయ్యాక పెట్టెను దిండు మీద తలకిందులు చేసి ఊపండి. రాలినవాటికి రెండో బిళ్ల.

పీఎల్ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన ఇళ్లూ, వంతెనలూ ఉంటే ఎండలో మూసిన కారులో వదలకండి. 60 డిగ్రీల దగ్గర మెత్తబడి వంగిపోతాయి.

కొత్తసేనాని:
మూడుకు తగ్గించాను. గంటలోపే ఎవరివైనా దళాలన్నీ పోతే అతన్ని ఏం చేయాలి?

పాచికలరాయుడు:
చెదిరిన దళాన్ని తీసేయకండి. ఒక వంతు ఆగి, రెండు బొమ్మలు తక్కువతో సొంత అంచు నుంచి మళ్లీ రానివ్వండి. గెలుపు శత్రునాశనం మీద కాకుండా గడియారం మీద పెట్టండి: సమయం అయ్యేసరికి వంతెన, ఊరు, దిబ్బల్లో రెండు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే ఆట. ఆఖరి వంతని అరగంట ముందే ప్రకటించండి, లేకపోతే అందరూ వెనకే దాక్కుంటారు. రూల్స్ కాగితం ఒకే పేజీ, 14 పాయింట్ల అక్షరాలు, ఆరు కాపీలు. కొలత టేపులు మూడైనా ఉండాలి, ఒక్కటే ఉంటే పై లెక్కలన్నీ గల్లంతు.