ఐసీయూ నుంచి ఇంటికొచ్చిన మనిషికి ఎలాంటి నర్సు కావాలి?

నాన్నగారు చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉండి ఇంటికొచ్చారు. గండం గడిచింది కానీ కాళ్లలో సత్తువ లేదు, ముద్ద మింగితే దగ్గు. రాత్రిళ్లు ఎవరో కట్టేశారంటూ ఉలిక్కిపడి లేస్తున్నారు. దీన్ని పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అంటారని చదివాను. శరీరం, జ్ఞాపకశక్తి, మనసు మూడూ దెబ్బతింటాయట, ఇంట్లోవాళ్లకూ ఆ టెన్షన్ తప్పదట. అమ్మను చూస్తే నిజమేననిపిస్తోంది.

ఇప్పుడొచ్చే హోమ్ నర్సు బీపీ చూసి, మందులిచ్చి వెళ్తున్నారు. ఆమె తప్పేం లేదు, మేం అడిగింది అంతే. ఐసీయూలో పనిచేసిన నర్సయితే తేడా ఉంటుందా? నిజంగా ఆ అనుభవం ఉందో లేదో ఫోన్‌లో ఏం అడిగితే తెలుస్తుంది? మింగడం సంగతి చూడ్డానికి స్పీచ్ థెరపిస్టు కూడా కావాలా?

ఇంకొకటి. కొన్ని ఆసుపత్రుల్లో రోగి స్పృహలో లేని రోజుల్లో జరిగినవన్నీ నర్సులు, ఇంట్లోవాళ్లు ఒక డైరీలో రాసిపెడతారట. మాకు అలాంటిదేం ఇవ్వలేదు. గుర్తున్నంతవరకు ఇప్పుడు మేమే రాసి నాన్నగారికి చదివి వినిపిస్తే ఆ పీడకలలు తగ్గుతాయా, భయం ఇంకా పెరుగుతుందా? ఇలాంటి పేషెంట్లను చూసుకున్నవాళ్లు, నర్సులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.