హిసోనె తప్పుకోవడం సరైనదేనా? చూసినవాళ్లు చెప్పండి

2018లో వచ్చిన ‘హిసోనె టు మాసోతాన్’ అనిమే చూసినవాళ్లు కాస్త సాయం చేయండి. జపాన్‌లోని గిఫు ఎయిర్ బేస్‌లో ఎఫ్-15 యుద్ధవిమానం వేషంలో దాచిన డ్రాగన్, తన పైలట్ హిసోనెను మింగి కడుపులో కూర్చోబెట్టుకుని ఎగురుతుంది. ఇంతవరకూ బాగుంది. చివరికొచ్చేసరికి, 74 ఏళ్లకోసారి జరిగే క్రతువులో ఒక అమ్మాయి బలి కావాలని తెలిసి హిసోనె డ్యూటీ నుంచి తప్పుకుంటుంది.

మా చెల్లి దాన్ని పిరికితనం అంటోంది. నాకు మాత్రం సిరీస్ మొత్తంలో ఆమె అత్యంత ధైర్యంగా నిలబడింది అక్కడే అనిపించింది. మనసులో ఉన్నది దాచుకోలేని పిల్ల, ఆ బలికి సరేనని ఎలా అంటుంది?

మరి మిగతా డ్రాగన్ పైలట్లు డ్యూటీలోనే ఎందుకు ఉండిపోయారు? హోషినోకు ఉద్యోగమే ప్రాణం, ఆమె సంగతి అర్థమైంది. లిలికో, హితోమి ఎందుకు తప్పుకోలేదో వివరంగా చెప్పగలరా?