‘పరిమిత బాధ్యత’ అంటే ఎవరి బాధ్యత?

ప్రశ్న, గుంటూరు నుంచి

అందరికీ నమస్కారం. మా బాబాయి మిర్చి రైతు. కిందటి సీజన్‌లో ఒక కంపెనీకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అరువు మీద వేశారు. సగం డబ్బు చేతికొచ్చింది, నాలుగు లక్షల చిల్లర ఆగిపోయింది. గట్టిగా అడిగితే వాళ్ల మేనేజరు, “మాది లిమిటెడ్ కంపెనీ అండీ, మా బాధ్యత పరిమితం” అన్నాడట. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే ‘పరిమిత బాధ్యత గల సంస్థ’ అనే ఉంది. ఆ మాట చదివితే మేనేజరు చెప్పిందే నిజమనిపిస్తోంది. అసలు అర్థమేమిటి? ఇంతకంటే మంచి తెలుగు మాట ఉందా?

జవాబు, విజయవాడ నుంచి

తమ్ముడూ, మేనేజరు చెప్పింది శుద్ధ తప్పు. గవర్నర్‌పేటలో కంపెనీల రిజిస్ట్రేషన్ కాగితాలు చూసే ఆఫీసులో నా ఉద్యోగం. ఈ మాటను అడ్డం పెట్టుకుని బాకీ దాటేయాలని చూసేవాళ్లు తరచూ తగులుతూనే ఉంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కంపెనీ చేసిన అప్పుకు కంపెనీ పూర్తిగా బాకీ. దానికి హద్దు లేదు. గోడౌన్లో సరుకు, బ్యాంకులో నిల్వ, దానికి రావలసిన పాత బాకీలు, అన్నీ ఊడ్చి అయినా తీర్చాల్సిందే. హద్దున్నది అందులో వాటాలు తీసుకున్నవాళ్లకు. వాళ్ల వాటాల మీద ఇంకా కట్టకుండా మిగిలిన సొమ్ము ఎంతో అంతవరకే వాళ్లను అడగవచ్చని 2013 కంపెనీల చట్టం రెండో సెక్షన్ చెబుతుంది. పది రూపాయల వాటాలు వెయ్యి తీసుకుని, వాటాకు నాలుగు రూపాయల చొప్పున కట్టారనుకో. కంపెనీ మునిగితే మిగతా ఆరు రూపాయల చొప్పున ఆరువేలు కట్టమంటారు. కట్టాక వాళ్ల ఇంటి జోలికి గాని పొలం జోలికి గాని ఎవరూ వెళ్లలేరు. మొదట్లోనే పూర్తిగా కట్టేసి ఉంటే అడగడానికి అంతకూడా మిగలదు.

అదే మామూలు పొత్తు వ్యాపారమైతే సంగతి వేరు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ బాకీకి భాగస్తులందరూ కలిపీ, ఎవరికి వారు విడివిడిగానూ జవాబుదారులే. నలుగురిలో ముగ్గురు చేతులెత్తేస్తే నాలుగోవాడి ఇల్లు వేలానికొస్తుంది. ఆ భయం లేకుండా పదిమంది డబ్బు పెట్టగలగడం కోసమే మన దేశంలో 1857లోనే ఈ హద్దును చట్టంలోకి తెచ్చారు.

ఇక మాట సంగతి. ‘పరిమిత బాధ్యత గల కంపెనీ’ అన్నప్పుడు ‘గల’ పోయి కంపెనీకి అతుక్కుంటుంది. ధనం గల మనిషి అంటే ధనం ఆ మనిషిదే కదా, అలాగే ఇక్కడ పరిమితి కంపెనీదే అయిపోతుంది. వాటాదారు ఊసే లేదు. ‘బాధ్యత’తో ఇంకో చిక్కు కూడా ఉంది. డైరెక్టర్లు నిజాయితీగా, జాగ్రత్తగా, సొంత లాభం చూసుకోకుండా పని చేయాలని అదే చట్టం 166వ సెక్షన్ చెబుతుంది. దాన్నీ మనం తెలుగులో బాధ్యత అనే అంటాం. ఇప్పుడు ‘పరిమిత బాధ్యత’ అంటే డైరెక్టర్ల కర్తవ్యానికి కూడా హద్దుందన్నట్టు వినిపిస్తుంది. అది ఎంత ప్రమాదమో చూడు.

మనకు ‘పూచీ’ అనే చక్కని మాట ఉంది. అప్పుకు పూచీ పడటం, నాది పూచీ అనడం ఊళ్లో అందరికీ తెలిసిందే. ‘మేరకు’ అనేది కూడా మన దస్తావేజుల్లో పాతుకుపోయిన మాటే. అందుకని ‘సభ్యులకు వాటాల మేరకే పూచీ ఉన్న కంపెనీ’ అంటాను నేను. పొడుగైందని తెలుసు. కానీ ఎవరికి హద్దు, ఎంతవరకు హద్దు అన్న రెండూ అందులో ఉన్నాయి.

వ్యాఖ్య, గుంటూరు బ్రాడీపేట నుంచి

అమ్మా, నేను కోర్టులో ముప్ఫై ఏళ్లు పని చేసి రిటైరైన వాణ్ణి. పూచీకత్తు అంటే మా దగ్గర జామీను. వాటాలు లేకుండా, సభ్యులు ‘మునిగితే ఇంత ఇస్తాం’ అని గ్యారంటీ రాసిచ్చే కంపెనీలు కూడా చట్టంలో ఉన్నాయి కదా. దానికి పూచీ మాట వాడితే ‘పూచీ మేరకు పూచీ’ అవుతుంది. ఎలా?

జవాబు

సబబైన అభ్యంతరమే బాబాయిగారూ. అలాంటి చోట ‘హామీ మేరకు పూచీ’ అందాం. రాసిచ్చింది హామీ, దాని వల్ల మీద పడేది పూచీ. వాటా కంపెనీ, హామీ కంపెనీ, ఈ రెండూ కాకుండా సభ్యులకు ఏ హద్దూ లేని కంపెనీ, మూడింటికీ ఒకే వరసలో మాటలు కుదురుతాయి. మూడోది ‘హద్దులేని పూచీ’. మీకు ఇంకా మంచిది తడితే చెప్పండి, నేను కూడా మార్చుకుంటాను.

మీరు వచ్చారు కనక ఇంకొకటి అడుగుతాను. ‘కంపెనీవాళ్లు అప్పు చేశారు’ అనే వాడుక మీకు బాధగా అనిపించదా? కాగితాల్లో చూసినప్పుడల్లా నాకు పంటి కింద రాయిలా తగులుతుంది. కంపెనీ నపుంసకలింగం, ఏకవచనం. ‘కంపెనీ అప్పు చేసింది’ అనాలి. మాట్లాడేటప్పుడు సరే గానీ, నోటీసులో ‘వాళ్లు’ అని రాస్తే ఎవరి మీద దావానో తేలదు.

అదే వ్యాఖ్యాత

‘కుంఫిణీవారు’ నాటి అలవాటమ్మా అది. ఈస్టిండియా కంపెనీని మన పెద్దలు దొరల మూకగా చూశారు గాని ఒక శాల్తీగా చూడలేదు. ఆ ‘వారు’ ఇప్పటికీ పోలేదు.

వ్యాఖ్య, విజయవాడ ఆటోనగర్ నుంచి

మేడమ్, చట్టం ఏమన్నా అనుకోండి, నా కంపెనీలో తొంభై తొమ్మిది శాతం నాదే. ఒక్క శాతం మా ఆవిడది. డబ్బు నాది, షెడ్డు నాది, లారీ నాది. ‘నా కంపెనీ’ అనక ఏమనాలి?

జవాబు

అన్నగారూ, ‘నా కంపెనీ’ అనండి, తప్పు లేదు. ‘నా లారీ’ అనకండి. లారీ కంపెనీది. మీవి వాటాలు మాత్రమే.

ఈ ముడి విప్పిన కేసు లండన్‌లో ఒక చెప్పుల వ్యాపారిది, సాలమన్ అని. 1897 సంపుటంలో అచ్చయిన ఆ తీర్పు నేటికీ మన కోర్టుల్లో చదువుతారు. తన బూట్ల వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. మొత్తం 20,007 వాటాల్లో 20,001 ఆయనవి. భార్యకు, కూతురికి, నలుగురు కొడుకులకు తలా ఒకటి, ఎందుకంటే అప్పట్లో ఏడుగురు సభ్యులు ఉండాలి. కంపెనీ తనకు ఇవ్వాల్సిన దాంట్లో కొంత అప్పుగా, తాకట్టు మీద రాయించుకున్నాడు. కంపెనీ మునిగింది. మిగతా అప్పులవాళ్లు ‘ఇదంతా సాలమనే, కంపెనీ ఉత్త ముసుగు’ అన్నారు. కింది కోర్టులు ఒప్పుకున్నాయి కూడా. అప్పట్లో అక్కడి పై కోర్టయిన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) ఒప్పుకోలేదు. చట్ట ప్రకారం పుట్టాక అది వేరే మనిషి, వాటాలు ఎవరి చేతిలో ఎన్ని ఉన్నాయన్నది అనవసరం అని తేల్చింది.

మనవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. దేవుడి మాన్యం ఎవరిది? అర్చకుడిదా, ధర్మకర్తదా? దేవుడిది. పట్టా ఆయన పేరున ఉంటుంది, దావా ఆయన పేరునే వేస్తారు. విగ్రహం చట్టం దృష్టిలో వ్యక్తి అని 1925లో అప్పటి మన పై కోర్టు, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ కూడా చెప్పింది. మాన్యం మీద వచ్చిన ధాన్యంలో ధర్మకర్త సొంతానికి ఒక్క బస్తా కూడా ఇంటికి తీసుకెళ్లకూడదన్న న్యాయం ఊరందరికీ తెలుసు. కంపెనీ విషయంలో అదే న్యాయం ఎందుకో మరిచిపోతాం.

దీని వల్ల లాభమే కాదు, దెబ్బ కూడా ఉంది. మీలాంటివాళ్లకే చెబుతున్నాను, శ్రద్ధగా వినండి. ఐర్లాండులో మకోరా అనే ఆయన తన కలపనంతా కంపెనీకి రాసిచ్చి వాటాలు తీసుకున్నాడు. బీమా మాత్రం తన పేరునే ఉంచేశాడు. కలప కాలిపోయింది. 1925లో ప్రభువుల సభ ‘కలప నీది కాదు, బీమా నీకు రాదు’ అంది. కంపెనీకేమో బీమా లేదు. రెండు వైపులా పోయింది. మన చుట్టూ ఇన్ని కోల్డ్ స్టోరేజీలు, ఇన్ని గోడౌన్లు. పాలసీ మీద ఎవరి పేరుందో ఇవాళే తీసి చూసుకోండి.

మన సుప్రీంకోర్టు కూడా 1954లో బాచా గుజ్దార్ కేసులో ఇదే మాట చెప్పింది. ఆవిడకు టీ కంపెనీల్లో వాటాలున్నాయి. తేయాకు కంపెనీ ఆదాయంలో అరవై శాతం వ్యవసాయ ఆదాయం కింద పన్ను లేకుండా పోతుంది. నాకొచ్చిన డివిడెండులో కూడా అరవై శాతానికి పన్ను ఉండకూడదని వాదించారు. తోట కంపెనీది, మీకు దాని మీద హక్కు లేదు, మీకొచ్చింది వాటా మీద రాబడి, అందుకని పన్ను కట్టాల్సిందే అన్నారు.

వ్యాఖ్య, తెనాలి నుంచి

ప్రైవేట్ లిమిటెడ్, పబ్లిక్ లిమిటెడ్ తేడా ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్. పబ్లిక్ అంటే గవర్నమెంటుదేనా?

జవాబు

కాదండీ. గుంటూరు జిల్లా డోకిపర్రు జోసిల్ లిమిటెడ్ పబ్లిక్ కంపెనీ, ప్రభుత్వ కంపెనీ కాదు. ప్రైవేట్ కంపెనీ అంటే వాటాలు ఇష్టమొచ్చినట్టు చేతులు మారకుండా కట్టడి పెట్టుకున్నది, సభ్యులు రెండొందలకు మించనిది, జనాన్ని పిలిచి వాటాలు అమ్మనిది. ఇద్దరుంటే చాలు. పబ్లిక్‌కు కనీసం ఏడుగురు. దీనికి తెలుగు మాట జోలికి నేను వెళ్లను. ‘ప్రైవేట్’ అలాగే ఉండనీయండి.

వ్యాఖ్య, విజయవాడ వన్‌టౌన్ నుంచి

మరి బోర్డు మీద తెలుగులో రాయాలా? ‘వాటాల మేరకే పూచీ’ అని రాయిస్తే పెయింటరు ఊరుకుంటాడా?

జవాబు

రాయాలి గాని అనువాదం చేయక్కర్లేదు. చట్టం అడిగేది లిపి. కంపెనీ వ్యాపారం చేసే ప్రతి ఆఫీసు బయటా పేరు, రిజిస్టరు ఆఫీసు అడ్రసు కనబడేలా ఉండాలని 12వ సెక్షన్. ఆ అక్షరాలు అక్కడ వాడుకలో ఉన్న భాషవి కాకపోతే ఆ లిపిలో కూడా రాయాలని అందులోనే ఉంది. ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని తెలుగు అక్షరాల్లో ఉంటే సరి. ఇంగ్లీషు కూడా ఇక్కడ వాడుక భాషే కదా అని వాదించేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. సరుకు వేసే రైతు చదవలేని బోర్డు ఎవరి కోసం? మా దగ్గరకొచ్చే ప్రతి కంపెనీకీ తెలుగు బోర్డు పెట్టమనే చెబుతాను.

మళ్లీ మొదట అడిగిన సభ్యుడు

అక్కా, అర్థమైంది. కానీ ఆ కంపెనీ ఐపీ పెట్టేస్తుందని యార్డులో అనుకుంటున్నారు. బాబాయికి నిద్ర లేదు. వాళ్లు ఒక చెక్కు ఇచ్చారు, బౌన్స్ అయింది.

జవాబు

ముందు ‘ఐపీ’ సంగతి. మన వైపు దివాలా తీసిన ప్రతివాడూ ‘ఐపీ పెట్టాడు’. అది మనిషి కోర్టులో వేసే ఇన్సాల్వెన్సీ పిటిషన్, 1920 నాటి చట్టం కింద. కంపెనీకి ఆ దారి లేదు. 2016 దివాలా స్మృతి కింద ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. బాకీ ఉన్నవాళ్లు కూడా అక్కడికి కంపెనీని లాగొచ్చు గాని, 2020 మార్చి నుంచి కోటి రూపాయలకు తక్కువైతే కుదరదు. నాలుగు లక్షలకు మీ దారి సివిల్ దావా, చెక్కు కేసు. సరుకు సొమ్ముకు దావా గడువు మూడేళ్లు.

చెక్కు చేతిలో ఉంది కనక అది చాలా ముఖ్యం. తీసి కింద సంతకం చూడండి. పైన ‘ఫర్ ఫలానా ప్రైవేట్ లిమిటెడ్’ అని రబ్బరు స్టాంపు, కింద ‘డైరెక్టర్’ అని ఉంటే ఖాతా కంపెనీది, బాకీ కంపెనీది. కానీ బౌన్స్ కేసులో కంపెనీతో పాటు సంతకం పెట్టినవాడూ, అప్పుడు వ్యాపారం నడిపినవాళ్లూ కూడా ముద్దాయిలే. అక్కడ ‘లిమిటెడ్’ ఎవరినీ కాపాడదు. రైతుల్ని మోసం చేయాలనే వ్యాపారం నడిపారని కంపెనీ మూసివేతలో తేలితే, తెలిసి చేసినవాళ్లు హద్దు లేకుండా సొంతంగా కట్టాలని 339వ సెక్షన్ చెబుతుంది.

డైరెక్టరు విడిగా ఏదైనా కాగితం మీద ‘కంపెనీ ఇవ్వకపోతే నేనిస్తాను’ అని రాసిచ్చాడేమో కూడా వెతకండి. అలా రాసిస్తే అది ఆయన సొంత హామీ. కంపెనీ దివాలా వ్యవహారం తేలినంత మాత్రాన హామీదారు బయటపడడని 2021లో సుప్రీంకోర్టు లలిత్ కుమార్ జైన్ కేసులో చెప్పింది. వచ్చే సీజన్‌కు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. కంపెనీకి ఇంత కనీస మూలధనం ఉండాలన్న నియమాన్ని 2015లో తీసేశారు. పదివేల మూలధనంతో పుట్టిన కంపెనీ కూడా లక్షల సరుకు అరువు అడగొచ్చు. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో పేరు కొడితే మూలధనం, డైరెక్టర్ల పేర్లు, ఆస్తుల మీద తాకట్లు రూపాయి ఖర్చు లేకుండా కనిపిస్తాయి. టిక్కీ లారీ ఎక్కేముందే చూడాలి.

బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన రోజు నుంచి ముప్ఫై రోజుల్లో లాయరు నోటీసు వెళ్లాలి. నోటీసు అందాక వాళ్లకు పదిహేను రోజులు గడువు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో కేసు వేయాలి. నోటీసు కంపెనీ పేరునా, సంతకం పెట్టిన డైరెక్టరు పేరునా విడివిడిగా పంపించండి. బాబాయిగారి దగ్గరున్న బ్యాంకు మెమో మీద తేదీ ఎంతో ఇప్పుడే చూసి ఇక్కడ పెట్టు తమ్ముడూ.